నీలి బాన అడిగిన అబద్ధం

తుర్కీలోని మా కులా ఊళ్లో నమ్మలేని కబురు ఏదైనా చెవిన పడితే జనం ముందు అడిగే మాట, "ఎవరి బాన అలిగింది?" అని. ఇప్పుడు నీలిరంగు అద్దే బానలు ఎక్కడున్నాయి? ఇజ్మీరు రేవు నుంచి పొట్లాల రంగులు వచ్చి వాటిని మింగేశాయి. మాట మాత్రం మిగిలింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు కూడా ఆ మాట అని పకపకా నవ్వుతారు. నాకు ఒళ్లు మండిపోతుంది. ఆ మాట వెనక ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషికి ఒక కూతురు ఉండేదని వీళ్లకి చెప్పేవాళ్లు లేరు. అందుకే నేను చెబుతున్నాను.

నాజిఫ్ ఉస్తా అద్దకం పనివాడు, ఉస్తా అంటే మా వైపు పనిలో ఆరితేరినవాడని. తోళ్లు పదును చేసేవాళ్ల వీధి దాటాక, నల్లరాళ్ల బీడు మొదలయ్యే చోట ఆయన పెరడు. ఎప్పుడో కొండ కక్కిన నిప్పు చల్లారి రాయైపోయిన నేల అది. అక్కడ గడ్డి కూడా మొలవదు. మంజిష్ఠ ఎరుపు, ఆకుల పసుపు ఊళ్లో ఏ ఇల్లాలైనా తన పొయ్యి మీదే కాచుకునేది. నీలం కావాలంటే మాత్రం ఉస్తా గుమ్మం తొక్కాల్సిందే. ఆయన చేతులు మోచేతుల దాకా నీలం, గోళ్ల సందుల్లో నీలం. మసీదు కుళాయి దగ్గర నమాజుకు ముందు చేతులు కడుగుతుంటే పక్కవాళ్లు ఆటపట్టించేవాళ్లు.

"ఇంకాస్త గట్టిగా రుద్దు ఉస్తా, ఆ చేతులతో వెళితే స్వర్గం తలుపు తియ్యరు."

"నన్ను పుట్టించినవాడికి నా రంగు తెలుసులే. నువ్వు నీ నోరు కడుక్కో ముందు," అనేవాడాయన.

భార్య చిన్న వయసులోనే పోయింది. మళ్లీ పెళ్లి చేసుకోమని ఊరంతా పోరింది. ఆయన వినలేదు. ఒక్కగానొక్క కూతురు గుల్సుమ్‌ని ఆరవేసిన ఉన్ని దారపు చుట్టల, ఆ చిలపల మధ్యే పెంచాడు. నేనూ గుల్సుమూ ఒకే మగ్గం మీద పక్కపక్కన కూచుని నేశాం. నా ముడి ఎక్కడ ఆగేదో దాని ముడి అక్కడ మొదలయ్యేది. అది నాకు స్నేహితురాలు అంటే సరిపోదు. దాని ఊపిరి లెక్కకి నా చేతులు ఆడేవి.

మా పెద్ద మసీదులో, మొదటి వరసలో, కిటికీ పక్కన ఒక పాత నమాజు తివాసీ ఉంది. ఎంత పాతదో ఎవరికీ తెలియదు. నడుమ తలుపులాంటి కమాను గూడు. దానికి అటూ ఇటూ సన్నని స్తంభాలు, కానీ వాటి కాళ్లు నేలకి ఆనవు, గాల్లో వేలాడుతూ ఉంటాయి. గూడు శిఖరం నుంచి దీపం వేలాడాలి. మా ముత్తవ్వల్లో ఎవరు మరిచిపోయారో గాని ఆ దీపం కాస్తా పూలగుత్తి అయిపోయింది. గూడు అడుగున చిన్న చిన్న ఇళ్లు, ఒక్కో ఇంటి పక్కన ఒక్కో సైప్రస్ చెట్టు. ఇళ్లనుకుంటే ఇళ్లు, గోరీలనుకుంటే గోరీలు. చుట్టూ పూల అంచు మీద అంచు, ఆ అంచులన్నీ దాటుకుంటూ చూపు లోపలికి వెళుతుంది. చివరికి గూడులోని నీలంలో పడుతుంది. అక్కడితో ఆగిపోతుంది, ఇంక బయటికి రాదు.

ఆ నీలం ఉస్తా ముత్తాత అద్దిందట. సాయంత్రం నమాజు పిలుపు అయ్యాక, దీపాలు పెట్టకముందు, ఆకాశం కాసేపు ఉండే రంగు. ఉస్తా గుల్సుమ్‌ని చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి దాని ముందు కూచోబెట్టేవాడు. "బాగా చూసుకో తల్లీ. నేను పోయేలోగా ఈ రంగు నీ మగ్గానికి తెచ్చిస్తాను," అనేవాడు. బతుకంతా ఆయన కోరింది అదొక్కటే.

ఇప్పుడు బాన సంగతి చెప్పాలి. నీలిమందు, బూడిద నీళ్లు, తవుడు, మంజిష్ఠ, ద్రాక్ష పాకం కలిపి నిలువెత్తు బానలో పోసి, వెచ్చగా ఉండేందుకు దాన్ని పేడలో మెడదాకా పాతిపెడతారు. లోపల అది పులుస్తుంది. మంచిగా పులిస్తే పైన రాగి రంగు నురుగు కడుతుంది. దాన్ని పువ్వు అంటాం. పువ్వు విచ్చిన బానలో ఉన్ని ముంచితే పసరు రంగులో పైకి వస్తుంది, గాలి తగిలిన కొద్దీ మన కళ్లముందే నీలంగా మారుతుంది. పువ్వు విచ్చకపోతే అంతా బురద, కుళ్లు కంపు. ఎందుకు అలుగుతుందో ఎవరికీ తెలియదు. అలిగిన బానకి మా అద్దకంవాళ్లు చేసే చికిత్స ఒకటే. ఊళ్లోకి ఒక అబద్ధం వదలాలి.

దానికి పద్ధతి ఉంది. అబద్ధం ఏమిటో ఉస్తాకి తెలియకూడదు. వేరేవాళ్లు కట్టి వదలాలి. అది ఇల్లిల్లూ తిరిగి, నిజమని నమ్మినవాడి నోటి మీదుగా ఉస్తా గుమ్మానికి రావాలి. వచ్చినప్పుడు ఆయన నవ్వకూడదు, ఇది అబద్ధంరా అని చెప్పకూడదు, ఉన్ని ముంచి తీసేదాకా పెరడు దాటకూడదు. తెచ్చినవాడు ఎంత గట్టిగా నమ్మితే పువ్వు అంత బాగా విచ్చుతుందని వాళ్ల నమ్మకం. ఊరికీ అదొక వేడుక. మోసపోయినవాణ్ణి వారం పాటు ఏడిపించుకు తినేవాళ్లు. నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ ఆ బాన దగ్గరికి వెళ్లాలంటే భయం. మనుషుల నమ్మకాన్ని తాగి బతికే జంతువేదో పేడలో మెడదాకా దిగి నోరు తెరుచుకుని ఉన్నట్టు అనిపించేది.

ఉస్తాకి అబద్ధాలు కట్టిపెట్టేది ఊరి స్నానశాల హమాములో ఆడవాళ్ల వీపులు రుద్దే పెంబే. ఆవిడ నోట పడ్డ మాట మధ్యాహ్నానికల్లా ఊరు చుట్టేసేది. ఒక ఏడాది బాన బాగా మొండికేస్తే పెంబే ఏమీ ఆలోచించకుండా ఒక మాట వదిలింది. యెమెను యుద్ధానికి వెళ్లి తిరిగి రాని హనీఫె మొగుడు ఇజ్మీరు రేవులో దిగాడట, ఎవరో చూశారట అని. హనీఫె గుమ్మం కడిగింది, పిలాఫ్ అన్నం వండింది, చేతులకి గోరింట పెట్టుకుంది. తానే పరిగెత్తుకుంటూ వెళ్లి ఉస్తాకి చెప్పింది. "నా చీకటి పోయింది ఉస్తా!" అంది. ఆ రోజు పువ్వు విచ్చినట్టు మరెప్పుడూ విచ్చలేదు. నిజం తెలిశాక హనీఫె ఎవర్నీ తిట్టలేదు. తలుపు గడియ వెయ్యడం మాత్రం మానేసింది, రాత్రీ పగలూ. ఇక మనిషిని ముట్టుకునే అబద్ధం చెప్పనని పెంబే ఒట్టు పెట్టుకుంది. ఉస్తా కూడా నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటూనే ఆ నీలంలో ఊరి ఉన్నినంతా ముంచి తీశాడు. అక్కడే ఆయన మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

మా ఆడవాళ్లు బతుకులో ఒక నమాజు తివాసీ తమ కోసం నేసుకుంటారు. బతికినన్నాళ్లు దాని మీద నమాజు చేస్తాం. పోయాక శవపేటిక మీద అదే కప్పుతారు, తర్వాత మసీదుకి ఇచ్చేస్తారు. సాధారణంగా జుట్టు నెరిశాక మొదలుపెట్టే పని అది. గుల్సుమ్ మాత్రం పెళ్లయిన ఏడాదికే పడుగు కట్టింది. అప్పటికే కడుపుతో ఉంది. మా అమ్మ చూసి కేకలేసింది.

"కడుపులో బిడ్డని పెట్టుకుని ఇప్పుడే ఎందుకే ఆ పని? ఏదైనా తొట్టెల గుడ్డ నేసుకోరాదూ?"

"మా బాబా కళ్లు కనిపిస్తుండగానే ఆ నీలం చూడాలి పిన్నీ. చేతులు వణకడం మొదలైంది ఆయనకి," అంది గుల్సుమ్. ఇంకేమంటాం?

మా వైపు నమాజు తివాసీని తలకిందులుగా నేస్తాం. గూడు శిఖరం ముందు పుడుతుంది, అడుగున ఉండే ఇళ్లూ చెట్లూ చివర వస్తాయి. అలా నేస్తేనే ఉన్ని నూగు తల వైపు వాలుతుంది, నుదురు నేలకి ఆనించి సజ్దాకి వంగినవాడి అరచెయ్యి మెత్తగా ముందుకు జారుతుంది. మేమిద్దరం శిఖరం నేశాం, స్తంభాల తలలు నేశాం, వేలాడే పూలగుత్తి నేశాం. అంతలో ఇంట్లో ఉన్న నీలం అయిపోయింది. అది కాస్త లేత నీలమే. మిగతాది ఉస్తా కొత్త బాన నుంచి రావాలి. ఆ కొత్త బాన అలిగింది.

వేసవి చివరికి వచ్చింది. గుల్సుమ్ అత్తవారి ద్రాక్షతోట నల్లరాళ్ల బీడుకి అవతల ఉంది. పళ్లు కోసి ఎండబెట్టే రోజులు కాబట్టి అందరం అక్కడికే చేరాం. వెళ్లేముందు గుల్సుమ్ మగ్గం దగ్గర చాలాసేపు నిలబడింది. శిఖరం మాత్రమే ఉండి, కింద ఉత్త పడుగు దారాలు. "తలుపు కట్టి గోడలు మరిచిపోయినట్టుందే, హవ్వా," అంది నాతో. నవ్వుతూనే అంది. నాకు నచ్చలేదు.

ఊళ్లో ఉస్తా పెంబే చేత రెండు అబద్ధాలు వదిలించాడు. మినారు పక్కకి ఒరిగిందని ఒకటి, కొండ మళ్లీ పొగ కక్కుతోందని ఒకటి. జనం తలెత్తి చూసి, ఆవలించి పోయారు. బాన పైన తెల్లటి బూజు కట్టింది. దక్షిణపు వేడిగాలి మొదలైంది. ఆ గాలికి కుక్కలు కూడా మొరగవు, పడుకుని రొప్పుతాయి. ఆ పొద్దున ఉస్తా హమాము వెనక, కట్టెలు పేర్చే చోటికి వెళ్లి పెంబేని పిలిచాడు. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తర్వాత పెంబే నాకు ఏడుస్తూ చెప్పింది.

"పెంబే, బాన చచ్చిపోయేట్టుంది. ఇవాళ విచ్చకపోతే పారబొయ్యాల్సిందే."

"నేనేం చెయ్యను ఉస్తా? చెప్పినవన్నీ చెప్పాను. ఈ ఎండకి జనానికి నమ్మే ఓపిక కూడా లేదు."

"అవీ అబద్ధాలేనా? పిల్లల ఆటలు. హనీఫె సంగతి గుర్తుందా? అప్పుడెలా పొంగింది!"

"ఆ పేరు ఎత్తకు. నా నోరు కాలిపోవాల్సింది ఆ రోజే."

"ఈ ఒక్కసారికే చెప్పు. వింటే నా గుండె కూడా జల్లుమనాలి. అంత పెద్దది కావాలి. నా గురించే చెప్పు, పోనీ. ఇంకెవరి పాపమూ నీకు అంటదు."

"నీ గురించా! నాకు చేతకాదయ్యా."

"చేతకాదంటే నా కూతురి తివాసీ సగంలోనే ఆగిపోతుంది. నీ ఇష్టం."

పెంబే తల పట్టుకుంది. చివరికి, "సరే పో. ఏదో ఒకటి చెబుతాలే," అంది. ఉస్తా తేలికపడి పెరటికి వెళ్లి, బాన పక్కన చాప వేసుకుని, గుమ్మం వైపు మొహం పెట్టి కూచున్నాడు.

అదే పొద్దున తోటలో గుల్సుమ్ ద్రాక్షలు పరిచిన చాప మీద నుంచి లేవబోయి, లేవలేక, నా మొహం వంక చూసింది. దాని కాళ్ల దగ్గర చాప తడిసిపోయింది. నెలలు నిండలేదు. తొలివానల నాటికి పుడుతుందనుకున్న బిడ్డ. లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టి పక్క తోటలోని మంత్రసానిని పిలిచాం. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది, పిడికెడంత ఉంది, పిల్లికూనలా ఏడ్చింది. మేం నవ్వాం కూడా. తర్వాత మంత్రసాని నవ్వడం మానేసింది. నెత్తురు ఆగడం లేదు. గుడ్డ మీద గుడ్డ పెడుతున్నాం, ఏ గుడ్డా ఆపడం లేదు.

మంత్రసాని నన్ను వసారాలోకి లాగి చెప్పింది. "ఇది నా చేతిలో లేదమ్మా. ఊళ్లో గ్రీకు డాక్టరు దగ్గర మందుంది. ఆయన్ని తీసుకురండి. త్వరగా."

గుల్సుమ్ మొగుడు రషీత్ బండీ గాడిదా తీసుకుని ఎండుద్రాక్ష మూటలతో అలాషెహిర్ రైలు స్టేషనుకి వెళ్లాడు. డాక్టరు ముసలివాడు, లావుపాటి మనిషి, నల్లరాళ్ల మీద నడవలేడు. ఊళ్లో ఆయన్ని మోసుకురాగల జంతువు ఉస్తా ఆడగుర్రం ఒక్కటే. అందుకని తోట కాపలావాడు దురాలిని ఉస్తా దగ్గరికి పంపాం. దురాలి మంచివాడు. ఊళ్లో ఏ అబద్ధం పుట్టినా ముందు నమ్మేది వాడే. మినారు ఒరిగిందంటే ఆ రోజంతా దాని నీడ దాటకుండా చుట్టూ తిరిగి వెళ్లాడు. వాడు చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు.

పెరట్లో ఏం జరిగిందో ఉస్తా ఆ తర్వాత మాకు ఒక్క అక్షరం దాచకుండా చెప్పాడు. దురాలి వచ్చి గుమ్మంలో పడ్డాడు. కాళ్లు రాళ్లకి కోసుకుపోయి ఉన్నాయి.

"ఉస్తా! గుల్సుమ్ అమ్మాయికి... బిడ్డ పుట్టింది, నెత్తురు ఆగట్లేదు ఉస్తా. గుర్రం తీసుకుని డాక్టర్ని వెంటబెట్టుకు రావాలంట. లే ఉస్తా, లే!"

ఉస్తా గుండె జల్లుమంది. ఒక్క క్షణం లేవబోయాడు కూడా. అంతలో పొద్దున తాను పెంబేని అడిగిన మాటే గుర్తొచ్చింది. గుండె జల్లుమనాలి. నా గురించే చెప్పు. నెలలు నిండని కూతురికి కానుపేమిటి? తెచ్చినవాడు ఎవరు, దురాలి! ఔరా పెంబే, ఎంత బాగా కట్టావే అనుకున్నాడు. కాళ్లు కోసుకుపోయేలా పరిగెత్తించేటంత నమ్మకం ఏ అబద్ధమూ పుట్టించలేదు ఇంతవరకూ.

"నువ్వు చూశావా నీ కళ్లతో?" అని అడిగాడు.

"లోపలికి నన్ను రానిస్తారా? అరుపులు విన్నాను. హవ్వా అక్క చేతులు చూశాను, ఎర్రగా ఉన్నాయి."

మంజిష్ఠ పూసుకుని ఉంటారు, దీనికి హవ్వాని కూడా కలుపుకున్నారన్నమాట అనుకున్నాడు ఉస్తా. పద్ధతి ప్రకారం నవ్వలేదు. కాదని చెప్పలేదు. దురాలికి ఒక గిన్నెడు మజ్జిగ ఇచ్చాడు.

"సరే నాయనా, నువ్వు వెళ్లు. డాక్టర్ని తీసుకుని వెనకే వస్తున్నాను."

"నిజంగా వస్తున్నావు కదూ?"

"వస్తున్నానని చెప్పాను కదా. పో."

దురాలి వెళ్లిపోయాడు. ఉస్తా బాన మూత తీశాడు. తెల్లటి బూజు అంచులకి తప్పుకుంటోంది. మధ్యలో రాగి రంగు కనిపించింది.

తోటలో దురాలి తిరిగి వచ్చి, "వస్తున్నానన్నాడు," అని చెప్పాడు. ఆ మాట విని నేను ఏడ్చేశాను, సంతోషంతో. లోపలికి వెళ్లి గుల్సుమ్ చెవిలో చెప్పాను. దాని పెదాలు పాలిపోయి ఉన్నాయి.

"బాబా బయల్దేరాడా?"

"బయల్దేరాడట. డాక్టర్ని తీసుకొస్తున్నాడు."

"గుర్రాన్ని ఆ రాళ్ల మీద మరీ తరమొద్దని చెప్పాల్సింది. దానికి కాలు బాగాలేదు."

వసారాలో నిలబడితే నల్లరాళ్ల బీడు మొత్తం కనబడుతుంది. ఊరి నుంచి వచ్చే బాట దాని మీద సన్నటి గీతలా ఉంటుంది. నేను ఆ గీత వంకే చూశాను. లోపలికి వెళ్లి గుడ్డ మార్చడం, బయటికి వచ్చి గీత చూడడం. వేడిగాలికి రాళ్ల మీద గాలి వణుకుతుంటే గుర్రం వస్తున్నట్టే కనబడేది. ప్రతిసారీ, "అదిగో!" అనేదాన్ని. మంత్రసాని నా మొహం వంక చూడడం మానేసింది. గుల్సుమ్ కాసేపటికి ఒకసారి, "వచ్చాడా?" అని అడిగేది. తర్వాత అడగలేదు. దాని చెయ్యి మాత్రం దుప్పటి మీద కదులుతూ ఉంది. బొటనవేలూ చూపుడువేలూ కలిసి, లాగి, తెంపినట్టు. తివాసీ ముళ్లు వేస్తోంది.

పెరట్లో ఆ వేళకి పువ్వు పూర్తిగా విచ్చింది. ఉస్తా ఉన్ని ముంచాడు. పసరుగా పైకి తీశాడు. గాలిలో అది మెల్లగా మారింది. మొదట పావురం మెడ రంగు, తర్వాత ఇంకా లోతుగా, ఇంకా లోతుగా. సాయంత్రం పిలుపు తర్వాతి ఆకాశం. ముత్తాత నీలం. ఆయన దాన్ని కళ్లకి అద్దుకుని ఏడ్చాడట. "తల్లీ, నీ రంగు వచ్చింది," అన్నాడట పైకే. ఆ మాట ఆయన మాకు చెప్పినప్పుడు నేను చెవులు మూసుకున్నాను.

నాలుగైదు చిలపలు ఆరేసి మరోటి ముంచుతుండగా పక్కింటి తోళ్ల పనివాడు గుమ్మంలోకి వచ్చాడు.

"నాజిఫ్, విన్నావా ఈ ఘోరం? ఇజ్మీరు గోదాముల్లో ఎలుకలు పడ్డాయంట. కులాలో ఉన్న పిల్లులన్నిటినీ పట్టి రైలెక్కించమని గవర్నరు హుకుం పంపాడంట. మా ఆవిడ మా పిల్లిని పిండి డబ్బాలో దాచి మూత మీద కూచుంది. రేపు సిపాయిలొస్తారంట!"

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు ఉస్తా.

"హమాము నుంచి మా ఆవిడ తెచ్చింది. పెంబే చెప్పిందంట."

"పెంబే ఇంకేం చెప్పింది?"

"ఇంకేం చెబుతుంది? ఊరంతా పిల్లుల గోలే. ఏం నాజిఫ్, అలా అయిపోయావేం?"

ఉస్తా చేతిలోని కర్ర బానలో పడింది.

ఆయన డాక్టర్ని గుర్రం మీద కూచోబెట్టి, కళ్లెం పట్టుకుని, పక్కన పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ గీత మీద నిజంగా గుర్రం కనబడేసరికి పొద్దు వాలిపోయింది. నేను "అదిగో" అనలేదు. గుల్సుమ్ కళ్లు అప్పటికే మూశాం. ఆయన లోపలికి రాబోయి, నా మొహం చూసి, గుమ్మంలోనే ఆగాడు. పడిపోకుండా సున్నం కొట్టిన తలుపు పట్టుకున్నాడు. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. రెండు అరచేతుల ముద్రలు తెల్లటి తలుపు మీద పడ్డాయి. ఇంకాస్త ముందు తీసుకొస్తే బాగుండేదని డాక్టరు గొణిగాడు. ఆ ముసలాయన ఆ మాట అనకుండా ఉండాల్సింది. అక్కడే నిలబడి ఉస్తా జరిగిందంతా చెప్పాడు. ఆ క్షణంలో ఆయన మొహం మీద ఉమ్మేయాలనిపించింది నాకు. కానీ మంత్రసాని పసిగుడ్డుని నా చేతుల్లో పెట్టి ఉంది.

గుల్సుమ్‌కి కప్పడానికి సొంత తివాసీ లేదు. ఇమాము మసీదు నుంచి ఆ పాత తివాసీనే తీయించి పేటిక మీద కప్పించాడు. శిఖరం తల వైపు, చిన్న ఇళ్లూ చెట్లూ కాళ్ల వైపు. ఉస్తా పేటిక వెనక నడిచాడు గాని ఆ నీలం వైపు కన్నెత్తి చూడలేదు. మర్నాడు బానని గొడ్డలితో పగలగొట్టాడు. నీలమంతా నల్లరాళ్ల సందుల్లోకి ఇంకిపోయింది. దండెం మీద ఆరిన చిలపలు మాత్రం ఉండిపోయాయి. ఎవరూ కొనలేదు, ఎవరూ ముట్టుకోలేదు.

వాటిని నేను తీసుకున్నాను. గుల్సుమ్ పక్కన నేను కూచునే చోటే కూచుని, ఒక్కదాన్నే ఆ తివాసీ పూర్తి చేశాను. శిఖరం దగ్గర పాత లేత నీలం, అక్కడి నుంచి కిందికి ఆ రోజు నీలం. రెండూ కలిసే చోట అడ్డంగా ఒక గీత ఉంటుంది. ఇప్పుడది మసీదులో పాతదాని పక్కనే ఉంది. ఎంత అందమో అంటారు చూసినవాళ్లు. అందమే, కాదనను. సజ్దా చేసినప్పుడు నుదురు గుల్సుమ్ వేసిన ముళ్ల మీద ఆనుతుంది, మోకాళ్లు ఆ రోజు మీద. ఉస్తా ఎన్నడూ దాని మీద నిలబడలేదు. వెనక వరసలో, ఉత్త చాప మీద చేసుకునేవాడు.

ఆ తర్వాత ఆయన అద్దకం మానేసి తోళ్ల వీధిలో కూలిపనికి వెళ్లాడు. పిల్లని తోటలో నేనే పెంచాను, రషీత్ నన్ను పెళ్లి చేసుకున్నాక. దాని పేరు కూడా గుల్సుమే. ఉస్తాకి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరేం చెప్పినా నమ్మేవాడు. ఊళ్లో పనీపాటా లేని వెధవలు కొందరు దాన్ని ఆటగా పట్టుకున్నారు. "ఉస్తా, నీ మనవరాలు బావిలో పడిందంట," అనేవాళ్లు. ఆయన చేతిలో ఉన్నది అక్కడే పడేసి ఆ నల్లరాళ్ల బీడు మీద పడి పరిగెత్తుకుంటూ వచ్చేవాడు. "నీ మనవరాల్ని పాము కరిచిందంట." మళ్లీ వచ్చేవాడు. గుమ్మంలో నిలబడి రొప్పుతూ పిల్లని చూసి, తల మీద చెయ్యి పెట్టి, గుక్కెడు నీళ్లు తాగి వెళ్లిపోయేవాడు. తలుపు మీది ఆ ముద్రల పక్కనే చెయ్యి ఆనించేవాడు. నాకు ఆయన మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. ఒకరోజు కాళ్లు నెత్తురోడుతూ వస్తే కూచోబెట్టి కడిగాను.

"బాబాయ్, వాళ్లు నిన్ను ఆడిస్తున్నారు. అబద్ధాలని నీకు తెలియదా? ఊరందరికన్నా నీకే కదా తెలియాలి?"

"తెలుసమ్మా."

"మరి ఎందుకు పరిగెత్తుకొస్తావు ఈ వయసులో?"

ఆయన పెరట్లో ఆడుకుంటున్న పిల్ల వంక చూశాడు.

"అది అబద్ధమైతే నాకు అంతకన్నా ఏం కావాలే, హవ్వా?" అన్నాడు. ఆ కాళ్లతోనే లేచి, ఎండ తగ్గకముందే బయల్దేరి వెళ్లిపోయాడు.